గడ్డికి బొక్కలు పొడిచిన ముప్పై ఏళ్లు

గోల్ఫ్ మైదానంలో కొత్తగా పనికి చేరబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. మీరు గడ్డి పెంచడానికి వెళ్తున్నామని అనుకుంటారు. కాదు. బాగున్న గడ్డికి బొక్కలు పొడవడానికి వెళ్తున్నారు. పొడిచాక, అదంతా గడ్డి మంచికేనని యజమానిని నమ్మించడానికి వెళ్తున్నారు. మొదటి పని ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. రెండో పనిలో నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారే నెగ్గాను. ఆ ఒక్కసారి గురించే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు నర్సయ్య. మాది దుబ్బాక. మా ఇంట్లో అందరూ చీరలు, తువ్వాళ్లు నేసినవాళ్లే. మగ్గం గుంటలో కూర్చోవడం నా నడుముకు పడక, హైదరాబాద్ వెళ్లి ఒక క్లబ్బులో గోల్ఫ్ మైదానం పనికి కుదిరాను. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియదు. బంతిని ఎంత దూరం కొట్టినా చివరికి ఒక చిన్న గుంతలోకి దొర్లించాలట. ఆ గుంత చుట్టూ దుప్పటి పరిచినట్టు సన్నగా కత్తిరించి ఉంచే జాగను గ్రీన్ అంటారు. ఇంత పెద్ద మైదానంలో అందరి పంచాయితీ ఆ కాస్త జాగ మీదే.

ఖాజా మియా తాళంచెవి

అక్కడ హెడ్ మాలీ ఖాజా మియా. చదువు లేదు, కోపం మాత్రం చాలా ఉంది. నేను చేరిన మొదటి రోజు ఆయన గ్రీన్ మీద కూర్చుని, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి గడ్డిలో గుచ్చాడు. అది మెడ దాకా దిగింది.

"దేఖో నర్సయ్యా, చాబీ గర్దన్ తక్ గయీ తో ఘాస్ జిందా. నై గయీ తో సమఝో దమ్ ఘుట్ రా" అన్నాడు. తాళంచెవి మెడ దాకా దిగితే గడ్డి బతికున్నట్టు, దిగకపోతే దానికి ఊపిరి ఆడడం లేదని లెక్క.

తర్వాత నేను చదువుకున్న ఇంజినీర్ల దగ్గర, పరదేశం నుంచి వచ్చిన నిపుణుల దగ్గర పనిచేశాను. వాళ్లు పెద్ద పెద్ద యంత్రాలతో కొలిచి, ఖాజా మియా తాళంచెవి చెప్పిందే చెప్పేవాళ్లు. రోజూ మనుషులు తొక్కుతుంటే, కోత యంత్రం తిరుగుతుంటే మన్ను గట్టిపడుతుంది. పైన పచ్చగానే ఉంటుంది. కింద వేళ్లకు గాలి అందదు, నీళ్లు దిగవు. అందుకని ఏడాదికి కనీసం రెండుసార్లు, సన్నని ఇనుప గొట్టాలు పళ్లుగా ఉన్న పనిముట్టుతో గ్రీన్ అంతా జానెడు ఎడం కూడా లేకుండా పొడిచి, ఆ బొక్కల్లో ఇసుక నింపాలి. రెండు వారాలు గ్రీన్ మశూచి పోసిన మొహంలా ఉంటుంది. ఆ రెండు వారాలు యజమాని కంటపడకుండా తిరగడం కూడా పనిలో భాగమే. మూడో వారం పచ్చగా లేచి వస్తుంది. అప్పుడు ఆ ఘనత మనకు ఎవరూ ఇవ్వరు, వానకు ఇస్తారు.

ఖాజా మియాను చూసి నేనూ ఇంటి తాళంచెవినే వాడేవాణ్ణి. అది వంకరపోయి, మా ఇంటి తాళం నాకు తప్ప ఎవరికీ తెరుచుకునేది కాదు. మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.

మిరుదొడ్డి రోడ్డు మీద గోల్ఫ్

సిద్దిపేటలో గోల్ఫ్ మైదానం ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఉన్నప్పుడూ ఎవరూ నమ్మలేదు.

బాల్‌రెడ్డి సారుది పెద్ద వ్యవసాయ కుటుంబం. విత్తనాల వ్యాపారంలో బాగా కలిసొచ్చింది. ఎవరో పిలిస్తే హైదరాబాద్‌లో ఒకసారి గోల్ఫ్ చూశాడు. మనిషికి పూనకం వచ్చింది. మిరుదొడ్డి రోడ్డులో తన మెట్ట చెలకలో ఆరు గుంతల మైదానం వేయించి, నన్ను హైదరాబాద్ నుంచి పిలిపించాడు. సొంత ఊరి పక్కన పని కదా అని ఎగిరి గంతేసి వచ్చాను. ఆరు గ్రీన్‌లు, ఒక్కోటి వరి కల్లమంత. ఆడేది ముగ్గురు: సారు, ఒక పళ్ల డాక్టరు, బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు. మేనేజరుకు మళ్లీ బదిలీ అయ్యాక ఇద్దరు.

రోడ్డు మీద పోయే రైతులు బండి ఆపి నన్ను అడిగేవారు.

"గడ్డి బాగ పెరిగింది నర్సయ్యా. ఎన్నడు కోస్తున్నవ్?"

"రోజూ కోస్తనే ఉన్న పటేలా."

"మరి మోపెట్లిస్తున్నవ్?"

"అమ్ముతలేము. పారేస్తున్నం."

ఆ మాట విన్న ముసలాయన ఒకడు బండి దిగి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

నాతో పాటు పదకొండు మంది ఆడవాళ్లు కలుపు తీసేవారు. అందరూ మిరుదొడ్డివాళ్లే. వాళ్లకు పెద్ద పోశవ్వ. నాట్లున్నా లేకున్నా ఏడాది పొడుగునా పని దొరికే చోటు చుట్టుపక్కల అదొక్కటే. అందుకని ఆట పిచ్చిదైనా గడ్డిని మాత్రం కంటికి రెప్పలా చూసుకునేవారు.

చెరువుమట్టి

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దీన్ని సారు మీదికి నెట్టేయవచ్చు. చాలాకాలం అలాగే నెట్టాను కూడా.

రెండో ఏడాది ఎండాకాలంలో గడ్డి కాస్త పాలిపోయింది. సారు వచ్చి చూసి, "నర్సిగా, చెరువుమట్టి కొట్టియ్యి" అన్నాడు. ఆయన నన్నెప్పుడూ నర్సిగా అనే పిలిచేవాడు. కోపంలో కాదు, అలవాటులో.

మా వైపు పుట్టినవాడెవడికైనా చెరువుమట్టి అంటే బంగారం. ఎండిన చెరువులోంచి తవ్వి చెలకలో పోస్తే ఆ ఏడు పంట కళ్లపండుగ. వరి, మక్క, పసుపు దేనికైనా అదే మందు. ఖాజా మియా ఇసుక తప్ప వేరేది గ్రీన్ మీద పోస్తే చెయ్యి విరిచేవాడు. అది నాకు తెలుసు. కానీ నా ఒంట్లో ఉన్న దుబ్బాకవాడు కూడా లోపల్నుంచి సారుకే వంత పాడాడు. ట్రాక్టర్ల కొద్దీ నల్లమట్టి తెచ్చి, నేనే దగ్గరుండి ఆరు గ్రీన్‌ల మీదా పలచగా చల్లించాను. పోశవ్వ కూడా మెచ్చుకుంది.

వాన పడింది. ఆరు గ్రీన్‌లు ఆరు చెరువులయ్యాయి. చెరువుమట్టి చేసే పనే అది, నీళ్లను కిందికి పోనివ్వదు. ఎండ కాసింది. ఆరు గ్రీన్‌లు ఆరు గచ్చులయ్యాయి. బంతి వేస్తే పెళ్లి పందిట్లో పిల్లల్లా ఎగిరింది. నా తాళంచెవి గోరంత కూడా దిగలేదు. వృత్తిలో నాకు ఏడుపొచ్చిన రోజు అదొక్కటే.

మందు ఒక్కటే, పొడవాలి. ఆ మట్టి పొరను చీల్చి కింది దాకా బొక్కలు పెట్టి ఇసుక నింపాలి. సారును అడిగాను.

"తివాచీ పరిచిన్ర నేను. దానికి పొక్కలు వెడ్తనంటవా? నీకేమన్న దిమాకున్నదా?"

"గడ్డికి ఊపిరి ఆడుతలేదు సారు."

"ఊపిరాడనిది నాకు. పో గీడికెల్లి."

అంతటితో ఆగలేదు. నెల రోజుల్లో హైదరాబాద్ క్లబ్బువాళ్లు ఆడటానికి వస్తున్నారని, వాళ్లు బాగుందంటే మైదానం ఉంటుందని, లేకపోతే అదే సాయంత్రం ప్లాట్లకు రాళ్లు పాతుతానని చెప్పాడు. ఊరికే బెదిరింపు కాదు. పసుపు రంగు వేసిన హద్దురాళ్లు అప్పటికే మా పనిముట్ల షెడ్డు వెనక పేర్చి ఉన్నాయి. మా ఆడవాళ్లు రోజూ వాటి మీదే కూర్చుని సద్దులు తినేవారు.

"నర్సన్నా, గీ రాళ్లు పాతితే మేం ఏడికి పోవాలె?" అని పోశవ్వ ఒక్కసారే అడిగింది.

ఎనిమిది పళ్ల మారణాయుధం

సారుకు చెప్పకుండా దుబ్బాకలో మా కమ్మరాయనతో పనిముట్టు చేయించాను. పాత సైకిళ్ల గొట్టాలు కోసి, మొనలు పదును పెట్టి, ఎనిమిది పళ్లతో చేశాడు. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని సిద్దిపేట బస్సెక్కాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, చౌరస్తాలో ఎప్పుడూ రిలే దీక్షల టెంటు. బస్సుకో పోలీసు. ఊరి మొదట్లో బస్సు ఆపి సంచులు వెతికారు. నా సంచి విప్పిన కానిస్టేబుల్ నాలుగడుగులు వెనక్కి గెంతి, నన్ను స్టేషన్‌కు పట్టుకుపోయాడు.

ఎస్సై కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. పనిముట్టును బల్ల మీద పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటయ్యా ఇది?"

"గడ్డిని పొడిచేది సార్."

"గడ్డినా? గడ్డి నిన్నేం చేసిందయ్యా?"

"పొడిస్తేనే బతుకుతది సార్."

"ఎవరి గడ్డి?"

"మా సారుది."

"ఆయనకు తెలుసా నువ్వు పొడుస్తున్నట్టు?"

ఇక్కడ నేను తడబడ్డాను. "తెల్వది సార్."

ఎస్సై రైటరు వైపు తిరిగి, "రాసుకో, కుట్ర" అన్నాడు. రైటరు నిజంగానే రాసుకున్నాడు. ఎనిమిది మొనల ఇనుప మారణాయుధం అని కూడా రాశాడు.

చూపిస్తాను సార్ అని బతిమాలితే స్టేషన్ ముందున్న పచ్చికలోకి తీసుకెళ్లారు. అది కూడా గట్టిపడి, నీళ్లు నిలిచి, దోమలు ముసిరి ఉంది. నేను పొడుస్తూ పోయాను. నా వెనక తుపాకీతో ఒక కానిస్టేబుల్. నిలిచిన నీళ్లు గుటగుట దిగిపోతుంటే ఎస్సై కుర్చీ తెప్పించుకుని మరీ చూశాడు. ఆ మూల కూడా పొడువు, ఈ మూల కూడా పొడువు అని సాయంత్రం దాకా పొడిపించుకుని నన్ను వదిలేశాడు. పనిముట్టును మాత్రం వదల్లేదు. సాక్ష్యం కదా, ఇవ్వడం కుదరదన్నాడు.

నాట్లు

క్లబ్బువాళ్లు రావడానికి మూడు వారాలుంది. చేతిలో పనిముట్టు లేదు. అప్పుడే ఊళ్లో వంటావార్పు తలపెట్టారు. అందరూ రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పడం. పోలీసులు రోడ్డు మీద వీల్లేదన్నారు. సత్తయ్య సారని కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు ఉద్యమంలో ముందుండేవాడు. ఆయన జాగ కోసం వెతుకుతుంటే, బాల్‌రెడ్డి సారు మా మైదానం ఇస్తానన్నాడు. రేపు ఏ కుర్చీ మీదైనా కూర్చోవాలంటే ఇవాళ ఉద్యమంలో కనబడాలని ఆయనకూ తెలుసు.

నన్ను పిలిచి చెప్పాడు: "నర్సిగా, గోదాముల మన విత్తనాల మడులకు పాతే సలాకలున్నయి గద, అన్నిటికి చిన్న చిన్న జెండాలు కట్టు. టీవీల పచ్చగడ్డి మీద జెండాలు నిండుగ కనవడాలె."

"గ్రీన్‌ల మీదనా సారు?"

"గాడ కాకుంటె ఏడ?"

ఆ సలాకలు మూరెడు పొడుగు, చూపుడు వేలంత లావు, మొన తేలినవి. నేను కిమ్మనలేదు. నోరు తెరిస్తే ఆయన బుర్ర పనిచేస్తుందని భయం. నేరుగా సత్తయ్య సారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. పదకొండు మంది ఆడవాళ్ల సంగతీ చెప్పాను. ఆయన చాలాసేపు విని, "వేర్లకు గాలి అందాలంటవు, గంతేనా? నేను పాఠం చెప్పుడే గని ఎన్నడు చేసి సూడలే. చేద్దాం పా" అన్నాడు.

ఇబ్బంది ఏమిటంటే, సలాకలు కొన్ని వందలే. కావలసిన బొక్కలు వేలకు వేలు. పాతి, పీకి, బెత్తెడు జరిగి మళ్లీ పాతాలి. వరుస తప్పకూడదు. దీనికి దారి పోశవ్వ చూపించింది.

"గిది నాటేసుడే గద నర్సన్నా" అంది.

వంటావార్పు రోజు మిరుదొడ్డి నుంచి, ధూళిమిట్ట నుంచి ఆడవాళ్లు ట్రాక్టర్లలో దిగారు. నేను మగ్గం దారాలు తెచ్చి గ్రీన్‌ల మీద అడ్డంగా కట్టాను. ఆడవాళ్లు కొంగులు బిగించి, దారం వెంట వరుసగా నిలబడి, పొలంలో నాటేసినట్టే నడుం వంచి, వెనక్కి వెనక్కి జరుగుతూ జెండాలు నాటారు. సత్తయ్య సారు మైకులో "జై" అంటే సలాక పీకడం, అందరూ "తెలంగాణ" అంటే పొడవడం. అంత వరుసగా, అంత లోతుగా, అంత హుషారుగా గ్రీన్ పొడిచిన యంత్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

"ఇన్నేండ్ల సంది నాట్లేస్తున్న గని, ఏసింది ఏసినట్టె పీకుడు గిదే మొదలు" అని పోశవ్వ ఒకటే నవ్వు.

పొయ్యిలు ఆర్పడానికని చెప్పి వాగు ఇసుక రెండు ట్రాక్టర్లు తెప్పించి ఉంచాను. అటు అన్నం ఉడుకుతుంటే, ఇటు మావాళ్లు చీపుర్లతో ఇసుకను బొక్కల్లోకి తోశారు. టీవీవాళ్లు దాన్ని కూడా తీసుకున్నారు. ఏదో ఆచారమనుకుని ఉంటారు.

బాల్‌రెడ్డి సారు ఆరో గ్రీన్ మీద స్టేజీ వేయించుకుని కూర్చున్నాడు, రోడ్డుకు దగ్గరని. అందుకే అక్కడ జెండాలు నాటలేదు. మధ్యాహ్నం కిందికి దిగి అయిదో గ్రీన్ దగ్గరికి వచ్చి చూశాడు. మొహం కందగడ్డయింది.

"ఏందిర నర్సిగా గిది! జల్లెడ చేసిన్రు గదర!"

నేను ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు. అంతలో ఎవరో కెమెరాతో వచ్చారు. మైకులో సత్తయ్య సారు "జై" అన్నాడు. బాల్‌రెడ్డి సారు నన్ను కొరకొరా చూస్తూనే పిడికిలి పైకెత్తి "తెలంగాణ" అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి అయిదో గ్రీన్‌లో ఇంకో వరుస బొక్కలు పడ్డాయి.

జీపు తాళంచెవి

రెండు రోజులకు కుండపోత వాన. అయిదు గ్రీన్‌ల మీద నీళ్లు గంటలో ఇంకాయి. స్టేజీ వేసిన ఆరోదాని మీద మూడు రోజులు కప్పలు అరిచాయి. తర్వాత ఎండలు కాశాయి. అయిదూ కళకళలాడుతూ లేచాయి, ఆరోది పెనంలా మాడి నెర్రెలు విచ్చింది. సారు వారం పాటు నాతో మాట్లాడలేదు.

క్లబ్బువాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. అదే రోజు రాస్తారోకో. హైదరాబాద్ రోడ్డు మీద వాళ్ల కార్లు ఆగిపోయాయి. వాళ్లను అక్కడే రోడ్డు మీద కూర్చోబెట్టి కిచిడీ పెట్టారట. తిని వెనక్కి వెళ్లిపోయారు. భోజనం చాలా బాగుందని సారుకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

సారు ఒంటికాలి మీద లేచాడు. మేస్త్రీ మల్లేశాన్ని పిలిచి, రాళ్లు పాతమన్నాడు. మా ఆడవాళ్లు సద్దిగిన్నెలు పట్టుకుని రాళ్ల మీంచి లేచి పక్కకు నిలబడ్డారు. అది నేను చూడలేకపోయాను.

మల్లేశం రోడ్డుకు దగ్గరని ఆరో గ్రీన్‌లో మొదలుపెట్టాడు. గడ్డపార ఖంగుమని ఎగిరిపడింది.

"సారూ, కింద గచ్చు వోసిన్రా?" అన్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా యజమానుల ముందు తల వంచుకున్నవాణ్ణి. ఆ రోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం.

"సారూ, రాయి పాతాల్నన్నా పొక్క వెట్టుడు తప్పది. గా పొక్కలేవో నన్ను వెట్టనియ్యుండ్రి. చెరువుమట్టి పోసింది నేను. వద్దని చెప్పకపోయింది నేను. తప్పు నాది. గీ ఆడోళ్లది కాదు."

సారు నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు. నేను అయిదో గ్రీన్‌లో కూర్చుని మా ఇంటి తాళంచెవి గుచ్చాను. మెడ దాకా దిగింది. ఆయన నమ్మలేదు. తన జీపు తాళంచెవి తీసి తానే గుచ్చాడు. దిగింది. ఇంకోచోట గుచ్చాడు. దిగింది. లేచి ఆరోదాని మీదికి వెళ్లి గుచ్చాడు. దిగలేదు. విత్తనాలమ్మే మనిషికి అది అవమానమనిపించిందేమో, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో బలమంతా పెట్టి తిప్పాడు.

చాలాసేపటికి లేచి, దుమ్ము దులుపుకుని, "మల్లేశం, ఇయ్యాల్టికి పో" అన్నాడు.

మల్లేశం ట్రాక్టరు వెళ్లిపోయింది. సారు జీపెక్కితే తాళంచెవి లోపలికి పోలేదు. కొక్కెంలా వంగింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చివరికి ఆయన వచ్చి నా మోపెడ్ వెనక కూర్చున్నాడు.

సిద్దిపేటలో పోలీస్ స్టేషన్ ముందు నుంచి వెళ్తుంటే, లోపల పచ్చిక మీద ఇద్దరు కానిస్టేబుళ్లు నా మారణాయుధంతో వంతులవారీగా పొడుస్తున్నారు. ఎస్సై కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. పచ్చిక నవనవలాడుతోంది.

"గీళ్లు గూడనా?" అన్నాడు సారు వెనక నుంచి.

"అవ్ సారు."

ఇంటి గేటు దగ్గర దిగి, వంగిన తాళంచెవిని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నేను బండి తిప్పుకుంటుంటే పిలిచాడు.

"నర్సయ్యా, ఆరోదాన్ని ఎప్పుడు పొడుద్దాం?"